పదిహేడో పేరు

ఆ ఏడు వానలు లేవు. అంతకు ముందటి ఏడూ అంతంతే. పందొమ్మిది వందల అరవై ఆరు ఎండాకాలం వచ్చేసరికి పాలమూరు జిల్లాలో చాలా ఊర్లలో ఇంటి కప్పు మీది పాత గడ్డి పీకి పశువులకు వేసేశారు. అదీ అయిపోయింది.

ఇస్రాయేలు మహబూబ్‌నగర్‌లో చెట్లూ మొక్కల సర్వే చేసే ఒక చిన్న ప్రభుత్వ ఆఫీసులో పనిచేసేవాడు. నలభై ఎనిమిదేళ్లుంటాయి. నల్లగొండ దిక్కు ఊర్లో వాళ్ల నాయిన దొర దగ్గర వెట్టి జీతగాడిగా ఉండి, ఆ జీతంలోనే చనిపోయాడు. ఈయన మిషన్ బడిలో చదివి నౌకరిలోకి వచ్చాడు. పదిహేనేళ్లుగా ఒకటే పని. గుట్టలూ అడవులూ తిరగడం, కొమ్మా ఆకూ పువ్వూ కాయా కోసుకురావడం, పాత పేపర్ల మధ్య పెట్టి చెక్కలతో బిగించడం, ఎండినంక అట్టకు అతికించి కింద పేరు, ఊరు, తారీఖు రాయడం. ఆ అట్టలు బీరువాల్లోకి పోయేవి. వాటిని తీసి చూసినవాళ్లను ఇస్రాయేలు వేళ్ల మీద లెక్కపెట్టగలడు.

ఏడాది కింద గుంటూరు నుంచి మంజులత అని కొత్త ఆఫీసరు వచ్చింది. ముప్పై రెండేళ్ల మనిషి, పెద్ద చదువు చదివింది, గొంతు పెంచి మాట్లాడేది కాదు. ఫిబ్రవరిలో ఒక రోజు ఆమె బీరువాలన్నీ తెరిపించి చూసి, "ఇంత సమాచారం మనకు తెలిసి ఎవరికి లాభం ఇస్రాయేలు గారూ? ఈ కరువులో పశువులకు ఏ చెట్ల ఆకు మేపవచ్చో ఒక కాగితం వేసి ఊళ్లకు పంపుదాం. పేర్లు మీరు రాయండి. ఇక్కడి పేర్లు మీకు తెలిసినట్టు నాకు తెలియవు" అంది.

తనకు తెలిసింది నలుగురికి చెప్పమని ఆయన్ను అడిగిన మొదటి ఆఫీసరు ఆమె. నాలుగు రోజులు కూర్చుని రాశాడు. రావి, మేడి, నారేప, దిరిసెన, జమ్మి... మొత్తం ముప్పై ఒక్క చెట్లు. ఒక్కొక్క పేరు పక్కన నంబరు వేశాడు. పదిహేడోది పాలకొడిశె. ఆకు తుంచితే పాలు కారే చెట్టు, మేకలూ గొర్రెలూ ఇష్టంగా తింటాయి.

మార్చి నెలలో అచ్చు నమూనా వచ్చింది. కాగితం కలిసొస్తుందని ప్రెస్సువాళ్లు నంబర్లు తీసేసి, పేర్లన్నీ ఒకే పేరాగా పేర్చారు. ఇస్రాయేలు ఆ పొద్దే పద్దెనిమిది రోజుల క్యాంపు నుంచి దిగాడు. ఒళ్లు కాలిపోతోంది, కళ్లు మండుతున్నాయి. ప్రెస్సు మనిషి గుమ్మంలోనే నిలబడి ఉన్నాడు. తను రాసిన పేర్లే కదా. కళ్లు కాగితం మీద పోయాయి గానీ, చూసింది మాత్రం మనసులో ఉన్న జాబితాను. కింద 'చూసినాను' అని రాసి సంతకం పెట్టాడు. ఇంటికి పోయి గంజి తాగి పడుకున్నాడు.

మూడు వేల ప్రతులు అచ్చయ్యాయి. పంచాయతీ సమితి ఆఫీసులకూ, బడులకూ, పశువుల దవాఖానలకూ పోయాయి.

మే నెల రెండో వారంలో ఆయన మళ్లీ క్యాంపు మీద కొల్లాపూర్ పోయాడు. కృష్ణా నది దిక్కు అడవి అంచున ఎండాకాలం చిగురించే చెట్ల కొమ్మలు తేవాలి. బస్సు దిగి, సత్రంలో సామాను పెట్టి, మర్నాడు పొద్దున్నే నడక మొదలుపెట్టాడు. రెండు కోసులు పోయినంక గద్దలు కనబడ్డాయి. ఒకటీ రెండూ కాదు, ఆకాశం నిండా తిరుగుతున్నాయి.

చెట్ల కింద గొర్రెలు పడి ఉన్నాయి. కొన్ని బిర్రబిగుసుకుపోయాయి. ఒకటి ఇంకా కాళ్లు కొట్టుకుంటోంది. పక్కన గొర్రెలు కాసే ఒక కుర్మాయన గొంగడి మీద కూర్చున్నాడు. ఆయన పెళ్లాం బతికిన గొర్రెలను దూరంగా ఒక రాతిగోడ వెనక నిలబెట్టి, అడ్డంగా కట్టె పట్టుకుని నిలుచుంది.

"ఏమైందన్నా?" అని అడిగాడు ఇస్రాయేలు.

ఆయన తల ఎత్తాడు. పేరు బీరన్న. ఊరు కోస్గి పక్కన. ఆ దిక్కు నీళ్లూ గడ్డీ లేక నెల కింద మందను తోలుకుని ఇంత దూరం వచ్చారు. "ఏమైందో మాకేమెర్క సారూ. మొన్న గీ చెట్టు మండలు కొట్టి ఏసినం. మాపటికి కాళ్లల్ల సత్తువ పోయింది. నోట్లకెల్లి నురుగు. ఇరవై మూడు సచ్చినయ్. గదొకటి పోతాంది."

ఇస్రాయేలు కింద పడి ఉన్న కొమ్మ ఒకటి తీశాడు. గుండ్రని ఆకు. తుంచాడు. పాలు రాలేదు. తుంచకముందే ఆయనకు తెలుసు.

"ఇది కొడిశె గదన్నా! దీన్నెందుకు కొట్టినవ్? గీ ఆకు మనిషి తిన్నా బతకడు."

దానికి జవాబు ఆయన పెళ్లాం గుర్వమ్మ చెప్పింది. "కొడిశె అని తెల్సే కొట్టినం" అంటూ కట్టె చంకలో పెట్టుకుని దగ్గరికి వచ్చింది. కొంగుముడి విప్పి నాలుగు మడతలు పెట్టిన కాగితం తీసింది. "గీండ్ల ఉన్నది. సర్కారు కాయితం. కోస్గిల పంతులు సదివి జెప్పిండు. ముప్పై రెండు పేర్లు, అన్నీ నోటికొచ్చు నాకు."

"ముప్పై రెండా? ముప్పై ఒకటి గదా?"

"నేను తప్పు జెప్పుతున్ననా? ఇను." ఆమె వేళ్లు ముడుస్తూ చెప్పడం మొదలుపెట్టింది. రావి, మేడి, నారేప. ఒక్క పేరు కూడా తడబడకుండా చెప్పుకుంటూ పోయింది. పదహారు అయ్యాయి. "పాల" అంది, వేలు ముడిచింది. "కొడిశె" అంది, ఇంకో వేలు ముడిచింది.

ఇస్రాయేలు ఆమె చేతిలో నుంచి కాగితం తీసుకున్నాడు. పాలకు, కొడిశెకు నడుమ ఒక కామా ఉంది. ప్రెస్సులో ఎవరో అక్షరాలు పేర్చేవాడు, అన్ని పేర్లకూ పెట్టినట్టే దానికీ పెట్టాడు.

"మా దిక్కు గా చెట్టే లేదు సారూ" అంటోంది గుర్వమ్మ. "అందుకే ఉత్తగ కొట్టలేదు. కట్టెలమోపు ఎత్తుకపోయేటాయన్ను ఆపి గీ చెట్టు పేరేందన్నా అని అడిగినం. కొడిశె అన్నడు, పోయిండు. ఎందుకడుగుతున్నమో ఆయనకేం ఎర్క? మాకు సంబురమైంది. కాయితంల ఉన్న చెట్టు, పచ్చగున్నది, కొండ మీద ఎంతంటే అంతున్నది."

బీరన్న మెల్లగా అడిగాడు. "గీ కాయితం రాసినోల్లు ఎవరు సారూ? మీకేమన్న ఎర్కేనా?"

కాగితం మీద ఎవరి పేరూ లేదు. కింద ఆఫీసు పేరు మాత్రం ఉంది. ప్రెస్సువాళ్ల తప్పు అంటే అబద్ధం కూడా కాదు. ఇస్రాయేలు కూడా అక్కడే నేల మీద కూర్చున్నాడు.

"నేనే రాసిన" అన్నాడు. "నేను రాసింది పాలకొడిశె. ఒకటే చెట్టు, అది మంచిదే. అచ్చుల రెండు పేర్లైనయ్. అచ్చు కొట్టేముందు సూడమని నాకే ఇచ్చిండ్రు. సూడకనే సంతకం పెట్టిన."

కాళ్లు కొట్టుకుంటున్న గొర్రె కదలడం ఆగిపోయింది.

"అయితే గీ పీనుగులు నీయి" అంది గుర్వమ్మ. "తీసుకపో. నీ ఆఫీసుల ఏసుకో." తిడుతూనే ఉంది. ఏడాది గొర్రెపిల్లలను ఒక్కొక్కదాన్ని ఎట్లా సాకిందో చెప్తూ, ఆ చచ్చిన వాటిని పేర్లు పెట్టి పిలుస్తూ తిట్టింది. ఇస్రాయేలు తల వంచుకుని విన్నాడు. బీరన్న ఆమెను ఆపలేదు.

తిట్టి తిట్టి ఆమె అలసిపోయింది. కొంగుతో ముఖం తుడుచుకుని, అదే గొంతుతో అడిగింది. "ఇసొంటి కాయితాలు ఎన్ని కొట్టిండ్రు?"

"మూడు వేలు."

"మా కుర్మోల్ల మందలు, గొల్లోల్ల మందలు గీ అడివి పొంటి ఎన్నున్నయో తెల్సా నీకు? అందరం మైదానం కెల్లి వచ్చినోల్లమే. ఎవ్వనికీ గీ చెట్టెర్క లేదు. ఈడ కూసోని మా మొకాలు సూస్తే ఏమస్తది? వాల్లకెవరు జెప్తరు?"

ఆ మధ్యాహ్నం ఇస్రాయేలు కొల్లాపూర్ పోస్టాఫీసులో మూడు గంటలు కూర్చుంటే మహబూబ్‌నగర్‌కు ట్రంకు కాల్ కలిసింది. జరిగిందంతా మంజులతకు చెప్పాడు.

"మావైపు పాలకొడిశెను అంకుడు అంటారు" అంది ఆమె. "ఆ అచ్చు నమూనా నేను కూడా చదివాను ఇస్రాయేలు గారూ. అవి రెండు చెట్లేమో అనుకున్నాను."

"మీకెట్ల తెలుస్తదమ్మా. తెల్వాల్సింది నాకు."

"కొత్త కాగితం వెయ్యాలంటే హైదరాబాదు నుంచి అనుమతి రావాలి. నెలన్నర పడుతుంది. అదీ 'సవరించిన ప్రతి' అంటేనే ఒప్పుకుంటారు. తప్పు పడిందని వేస్తే సంతకం పెట్టరు."

"సవరించిందంటే గొర్లకాపరికి ఏమర్థమైతదమ్మా? పాతది చింపేయుండ్రి, గీ ఆకు విషం అని రాయాలె."

"రాస్తాను. సమితులకూ బడులకూ ఈ రోజే టెలిగ్రాములు ఇస్తాను, అందుకు ఎవరి అనుమతీ అక్కర్లేదు. కానీ మందలతో అడవిలో ఉన్నవాళ్లకు టెలిగ్రాం ఎలా అందుతుంది? మీ టూరు మూడు రోజులకు మించి పొడిగించే అధికారం నాకు లేదు."

"మూడు దినాలు సాలవు."

"అయితే సెలవు చీటీ పంపండి. తర్వాతి సంగతి నేను చూసుకుంటాను. మీ ఒంట్లో ఎలా ఉంది?"

"మంచిగనే ఉన్నదమ్మా" అన్నాడు. అది నిజం కాదు. జ్వరం పోయి రెండు నెలలైనా మోకాళ్ల నొప్పి పోలేదు.

మర్నాడు తెల్లవారేసరికి సత్రం ముందర బీరన్న నిలబడి ఉన్నాడు. గొంగడి భుజాన వేసుకుని, నీళ్ల సొరకాయ బుర్ర చేత పట్టుకుని.

"నువ్వొక్కనివి పోతె ఎవ్వడు నమ్మడు. మా ఆమె పొమ్మన్నది" అన్నాడు. సారూ అనడం మానేశాడు.

పదకొండు రోజులు నడిచారు. కొల్లాపూర్ నుంచి అమ్రాబాద్ దిక్కుకు, అడవి అంచు పట్టుకుని, నీళ్లున్న మడుగు దగ్గరల్లా మంద ఉంటుందని బీరన్నకు తెలుసు. ఇస్రాయేలు చేతిలో రెండు కొమ్మలుండేవి. మంద కనబడగానే కొమ్మలు ముందర పెట్టి, మొదట పాలకొడిశె ఆకు తుంచేవాడు. తెల్లగా పాలు వచ్చేవి. తర్వాత కొడిశె ఆకు తుంచేవాడు. "పాలు రాలేదు, సూడుండ్రి. ఇది ముట్టుకోవద్దు. గీ రెండిట్ల ఏదో తెల్వకుంటె తుంచి సూడుండ్రి. గట్లని పాలొచ్చే చెట్టల్లా మంచిది కాదు, గీ ఒక్కదాని సంగతే జెప్తున్న." రోజుకు నాలుగైదుసార్లు అవే మాటలు. నాలుగో రోజుకు ఆ మాటలు తనవి కానట్టు, ఎవరో వెనక నిలబడి చెప్తున్నట్టు వినబడ్డాయి.

మొదటి మందలోనే ఒక ముసలాయన, "ఎవరోల్లు సారు మీరు?" అని అడిగాడు. ఇస్రాయేలు దాచలేదు. మాదిగవాడలో పుట్టానని చెప్పాడు. అప్పటిదాకా చెంబు చేతికి ఇవ్వబోయినాయన ఆగి, దోసిలి పట్టమని పైనుంచి నీళ్లు పోశాడు. ఇస్రాయేలు దోసిలి పట్టి తాగాడు. నలభై ఏళ్లుగా ఆయనకు అలవాటే. బీరన్న అటు తిరిగి చెప్పులోని ముల్లు తీసుకున్నాడు.

కొన్ని మందలకు ఆ కాగితమే చేరలేదు, ఆ చెట్టు జోలికి వాళ్లు పోలేదు. ఒక చోట ఇద్దరన్నదమ్ములు అప్పుడే మండలు కొట్టి పడేస్తున్నారు. గొర్రెలు మీద పడబోతుంటే బీరన్న దూరం నుంచే అరిచి, ఉరికి, మండలను కాళ్లతో తన్నేశాడు. వాళ్లు కొట్టడానికి వచ్చారు. సంగతి విన్నాక ఒకడు ఆ మండలన్నీ ఏరి దూరంగా పారేశాడు.

ఇంకో చోట పెద్దులు అనే పెద్దమనిషి మందకు యజమాని. ఆయన దగ్గర కాగితం ఉంది. ఇస్రాయేలు చెప్పిందంతా విని నవ్వాడు. "పోయిన నెల మేపుమన్నరు. ఇయ్యాల వద్దంటుండ్రు. వచ్చే నెల ఏమంటరు? మీ మాట ఇని మేం గొర్లను ఉపాసం పండవెట్టాల్నా?"

పెద్దులు అడిగింది నిజమే. ఇస్రాయేలు కొమ్మ కిందికి దించాడు. అప్పుడు బీరన్న ముందుకు వచ్చాడు.

"పెద్దయ్యా, నాయి ఇరవై నాలుగు సచ్చినయ్. మొన్నటిదాంక అరవై ఉండె. ఈయన మాట ఇనకు. నా మాట ఇను. ఇంకా తెల్వకుంటే కొల్లాపూరు దిక్కు గద్దలెక్కడ తిరుగుతున్నయో సూసి రా."

పెద్దులు కాగితం చింపి పొయ్యిలో వేశాడు.

ఆరో రోజు నీళ్లు దొరకలేదు. పొద్దు వాలేదాకా నడిచి ఒక బండ నీడలో కూలబడ్డారు. బీరన్న బుర్ర ఎత్తి రెండు గుక్కలు తాగాడు. తర్వాత మూతి తుడవకుండా బుర్రను ఇస్రాయేలు చేతికి ఇచ్చాడు. ఇస్రాయేలు దోసిలి పట్టబోయాడు. "పట్టుకో, తాగు. ఒలకవోస్తె మల్ల నీల్లు లేవు" అన్నాడు బీరన్న విసుగ్గా. ఇస్రాయేలు బుర్ర ఎత్తి తాగాడు.

తొమ్మిదో రోజు ఆలస్యమైంది. మందలో సగం అప్పటికే పోయింది. అక్కడున్నది ఒక ముసలమ్మా ఆమె కొడుకూ. ఇస్రాయేలు అక్కడ కూడా నేనే రాసినా అని చెప్పబోతే బీరన్న చెయ్యి పట్టి ఆపాడు. "ఇప్పుడు జెప్పి ఏం జేస్తవ్? ముందు గుంట తవ్వు." సాయంత్రం దాకా ముగ్గురూ తవ్వారు. ఇస్రాయేలు చేతులు బొబ్బలెక్కాయి. పని అయినంక ఆయన ఆ ముసలమ్మ దగ్గరికి పోయి చెప్పనే చెప్పాడు. ఆమెకు సరిగా వినబడదు. "ఏమంటుండు?" అని కొడుకును అడిగింది. కొడుకు లేచి మిగిలిన గొర్రెల దిక్కు పోయాడు.

పదకొండో రోజు అమ్రాబాద్ రోడ్డు ఎక్కారు. ఇస్రాయేలు రాసుకున్న పుస్తకంలో నలభై రెండు మందలున్నాయి. ఏడు మందల్లో గొర్రెలు చచ్చాయి. బస్సు ఆగినప్పుడు ఆయనకు కాలు మెట్టు మీద పెట్టడం చేతకాలేదు. బీరన్న వెనక నుంచి ఎత్తి ఎక్కించాడు. "పోయొస్త" అన్నాడు ఇస్రాయేలు. బీరన్న తల ఊపి, గుర్వమ్మ ఉన్న దిక్కుకు నడక మొదలుపెట్టాడు.

జూన్ ఆఖరుకు వాన పడింది. కొత్త కాగితం ఆగస్టులో వచ్చింది. అప్పటికి గడ్డి మోకాలెత్తు పెరిగింది, చెట్టు ఆకు కొట్టే అవసరం ఎవరికీ లేదు. మీద 'సవరించిన ప్రతి' అనే ఉంది. కానీ కింద, పాత కాగితం చింపివేయాలనీ కొడిశె ఆకు విషమనీ పెద్దక్షరాలతో రెండు లైన్లున్నాయి. ఆ రెండు లైన్ల కోసం మంజులత హైదరాబాదుకు నాలుగుసార్లు పోయింది. ఇస్రాయేలుకు మెమో వచ్చింది. నిర్లక్ష్యమని సర్వీసు పుస్తకంలో ఎర్ర సిరాతో ఎక్కించారు. మంజులత మెమో మీద సంతకం పెడుతూ, "నా పేరు కూడా రాయమన్నాను, రాయలేదు" అంది. ఇస్రాయేలు అది తీసుకుని మడిచి జేబులో పెట్టుకున్నాడు. ఆయనకు కోపం రాలేదు, బాధా కలగలేదు. పోయి నిద్రపోవాలనిపించింది.

అయినా నిద్ర పట్టేది కాదు. ఒకే చెట్టుకు ఇక్కడో పేరు, అక్కడో పేరు. ఒకే పేరుకు ఇక్కడో చెట్టు, అక్కడో చెట్టు. ఏ ఊర్లో దేన్నేమంటారో తెలియకుండా ఇంకో కాగితం వెయ్యడం ఆయన వల్ల కాదు. ఆ మాట మంజులతతో చెప్పాడు. ఆమె ఊరూరి పేర్లు రాసుకురమ్మంది. పైనుంచి మనిషిని గానీ జీపును గానీ ఇవ్వలేదు.

నవంబరులో ఆయన కోస్గి బస్సు దిగి, బీరన్న ఊరికి నడిచిపోయాడు. బీరన్న మందతో పోయాడు. గుర్వమ్మ వాకిట్లో కూర్చుని ఉన్ని విడదీస్తోంది. ఆయనను చూసి లేవలేదు.

"మల్లేమైంది? ఇంకో కాయితం తెచ్చినవా?"

"లేదు. ఉత్త కాయితం తెచ్చిన. మీ దిక్కు చెట్ల పేర్లు నువ్వు జెప్పాలె, నేను రాసుకోవాలె."

"నేను జెప్ప. పో."

ఇస్రాయేలు పోలేదు. ఎండ మండుతున్నా, కూర్చొమ్మని ఎవరూ అనలేదు కాబట్టి వాకిలి బయట రాయి మీద కూర్చున్నాడు. చాలాసేపు అయింది. గుర్వమ్మ ఉన్ని దులిపి, ఇంకో కట్ట ముందరేసుకుంది.

"నువ్వు తెచ్చిన మొక్కలేవి? సూపియ్" అంది.

ఆయన చెక్కల కట్ట విప్పి ఒక్కొక్క ఎండు కొమ్మ తీశాడు. ఆమె చేతితో ముట్టుకోకుండా, చూసి పేరు చెప్పింది. గొర్రె తింటుందో లేదో చెప్పింది. చూడి గొర్రెకు పెట్టకూడనిది ఏదో, పిల్లలకు కడుపునొప్పి తెచ్చేది ఏదో చెప్పింది. పదిహేనేళ్లలో తను రాసిన అట్టల మీద ఒక్కదాని మీదా లేని సంగతులవి. ఇస్రాయేలు వేళ్లు నొప్పి పుట్టేదాకా రాశాడు. ఒక తీగ దగ్గర ఆమె ఆగింది.

"దీన్ని ఈడ ఉచ్చితీగ అంటరు. మా అవ్వగారి ఊర్లె, నేను పుట్టిన కాడ గట్లనరు. ఆడ ఉచ్చితీగ అంటే ఇంకోటి. దాన్ని మాత్రం మేపొద్దు."

"ఏ ఊరు మీ అవ్వగారిది?"

ఆమె ఊరి పేరు చెప్పింది. ఆయన ఎప్పుడూ వినని పేరు.

"బస్సు పోతదా?"

"ఏం బస్సు? ఆరు కోసుల నడక. నడుమ వాగున్నది."

ఇస్రాయేలు ఆ ఊరి పేరు కాగితం చివర రాసుకున్నాడు. మోకాలు పట్టుకుని లేచి, తోవ ఏ దిక్కుకు పోతుందని అడిగాడు. గుర్వమ్మ ఉన్ని పక్కన పెట్టి, చూపించడానికి వాకిట్లోంచి బయటికి వచ్చింది.